ప్రహ్లాదుడి వాళ్ళమ్మ 1098కి ఫోన్ చెయ్యొచ్చు కదా?

మొన్న వేసవి సెలవుల్లో మా అక్క కూతురికి రాత్రి పడుకునే ముందు ప్రహ్లాదుడి కథ చెప్పాను. నాలుగో తరగతి అయిపోయి ఐదుకి వస్తోంది. ఏనుగులతో తొక్కించడం, పాములతో కరిపించడం, కొండ మీంచి తోయించడం, అన్నీ నా చిన్నప్పుడు మా అమ్మమ్మ చెప్పినంత హుషారుగానే చెప్పుకొచ్చాను. అది దుప్పటి గుండెల దాకా లాక్కుని అంతా విని, "పిన్నీ, మరి వాళ్ళమ్మ 1098కి ఫోన్ చెయ్యొచ్చు కదా?" అంది. పిల్లల్ని ఎవరైనా బాధపెడితే ఆ నంబరుకి చెప్పాలని వాళ్ళ బళ్ళో నేర్పారట.

ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత చాలాసేపు నిద్ర పట్టలేదు. కథలో ఒక్క ముక్క మారలేదు, కానీ మా అమ్మమ్మకి భక్తుడిగా కనిపించినవాడు, 1967 సినిమాలో రోజారమణి మొహంతో నాకు ధైర్యవంతుడిగా కనిపించినవాడు, దీనికి మాత్రం సొంత తండ్రి చేతిలో దెబ్బలు తింటున్న పిల్లాడిగా కనిపించాడు. దాని మాటలో తప్పేమైనా ఉందా అంటే నాకు కనపడలేదు.

పిల్లల కథల్లో హీరో ఎలా ఉండాలో పిల్లలు తేల్చరు. రాసేది పెద్దవాళ్ళు, అచ్చేసేది పెద్దవాళ్ళు, డబ్బులిచ్చి కొని ఇంటికి తెచ్చేది కూడా పెద్దవాళ్ళే. అందుకని ఏ కాలంలోనైనా కథలోని పిల్లాణ్ణి చూస్తే, ఆ కాలం పెద్దలు చిన్నతనం అనే వయసుని ఏమనుకున్నారో తెలిసిపోతుంది. దాన్ని త్వరగా దాటించెయ్యాల్సిన దశ అనుకున్నారా, దిద్దాల్సిన వంకర అనుకున్నారా, ఎవరూ చెయ్యి పెట్టకుండా కాపాడాల్సిన వస్తువు అనుకున్నారా అన్నదాన్ని బట్టి హీరో మారుతూ వచ్చాడు. మన తెలుగులో ఈ మార్పు తిన్నగా ఒక దారిన సాగలేదు, చాలా మెలికలు తిరిగింది.

పోతన భాగవతం ఏడో స్కంధం తీసి చూడండి. ప్రహ్లాదుడు అయిదేళ్ళవాడని పోతనే చెబుతాడు. చదువు ఎంతవరకు వచ్చిందని తండ్రి అడిగితే ఆ అయిదేళ్ళవాడు "చదివించిరి నను గురువులు, చదివితి ధర్మార్థ ముఖ్య శాస్త్రంబులు" అంటూ మొదలుపెడతాడు. సరే, పద్యం గొప్పది, అందులో అనుమానం లేదు. నాకు ఎప్పుడూ తమాషాగా అనిపించేది ఆ తర్వాత జరిగేది. గురువులు పక్కకి వెళ్ళిన సమయం చూసుకుని ప్రహ్లాదుడు తోటి రాక్షస పిల్లలందర్నీ పోగేస్తాడు. ఇప్పటి కథైతే ఇక్కడ బళ్ళో గోల మొదలవ్వాలి, కనీసం ఒకడైనా గోడ దూకాలి. ప్రహ్లాదుడు వాళ్ళకి ఉపన్యాసం ఇస్తాడు. ఆటలతో ఈ వయసు పాడు చేసుకోకండి, ఇప్పట్నుంచే హరిని తలుచుకోండి అంటాడు. అంటే మన పాత కథల్లో అందరికన్నా పెద్ద బాల హీరో, పిల్లలకి చెప్పిన మొదటి మాట ఆడుకోవద్దని! (ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, చివర్లో పనుంది.)

వాడు తండ్రిని ఎదిరించాడు కదా, మరి పెద్దవాళ్ళకి అంత నచ్చాడేం అని అడగొచ్చు. ఎదిరించింది ఇంకా పెద్ద తండ్రి కోసం కాబట్టి. పైగా అంతా అయ్యాక, నరసింహస్వామి ఏదైనా కోరుకోమంటే, ఆ తండ్రి పాపం పోవాలని అడుగుతాడు. ధ్రువుడూ అంతే, అయిదేళ్ళకే అడవికి పోయి తపస్సు చేస్తాడు. ఈ పిల్లల్లో పిల్లతనం వయసు చెప్పే అంకెలో తప్ప ఎక్కడా కనపడదు. కవికి అది చేతకాక కాదు, అదే కవి భాగవతంలోనే చిన్ని కృష్ణుడి అల్లరి ఎంత ముచ్చటగా రాశాడో మనకి తెలుసు. ఆ అల్లరి మాత్రం చెల్లింది ఎందుకంటే చేసేవాడు దేవుడు. మామూలు పిల్లాడు వెన్న దొంగిలిస్తే యశోద కథ ఉండదు, వీపు మీద వాతలుంటాయి.

పల్నాటి కథలో ఇదే సంగతి ఇంకా మొరటుగా ఉంటుంది. బాలచంద్రుడు బొంగరం ఆడుతుంటే ఆ బొంగరం ఎగిరి ఒకావిడ కాలికి తగులుతుంది. నీ వాళ్ళంతా కార్యమపూడిలో యుద్ధానికి దిగితే నువ్విక్కడ బొంగరాలాడుతున్నావా అని ఆవిడ దెప్పుతుంది. కుర్రాడు ఆట వదిలేసి, తల్లి వద్దంటున్నా వినకుండా యుద్ధానికి పోతాడు, అక్కడే చచ్చిపోతాడు. మంచాలతో పెళ్ళి కూడా అప్పటికే అయిపోయింది. బొంగరానికీ కత్తికీ మధ్య వాడికి ఒక్క పూట కూడా దొరకలేదు, అయినా ఆ కథ పాడినవాళ్ళకీ విన్నవాళ్ళకీ అందులో దారుణం కనపడలేదు, పౌరుషమే కనపడింది. ఫిలిప్ ఆరియెస్ అనే ఫ్రెంచి చరిత్రకారుడు 1960లో ఒక పుస్తకం రాసి పెద్ద దుమారం లేపాడు. మధ్యయుగాల యూరప్‌లో చిన్నతనం ఒక ప్రత్యేకమైన దశ అన్న ఊహే లేదని, బొమ్మల్లో కూడా పిల్లల్ని పొట్టి పెద్దమనుషుల్లాగే గీసేవారని ఆయన వాదన. తర్వాత వచ్చినవాళ్ళు దాన్ని చాలా చోట్ల తప్పు పట్టారు, పిల్లల మీద ప్రేమ ఏ కాలంలోనైనా ఉంటుందని. నిజమే, బాలచంద్రుడి తల్లి ఐతమ్మకి ప్రేమ లేదని ఎవరంటారు? ప్రేమ ఉంది. ఆ వయసు వాడి సొంతమనీ, దాని పని దానికుందనీ అనుకోవడం మాత్రం లేదు.

ఇక బడి వచ్చింది. 1853లో చిన్నయసూరి నీతిచంద్రిక అచ్చయింది, తరాల తరబడి తెలుగు పిల్లల చేత వల్లె వేయించారు. దాని చట్రం ఏంటో గుర్తుందా? ఒక రాజుగారి కొడుకులు చదువూ సంధ్యా లేకుండా తిరుగుతుంటారు, వాళ్ళని బాగుచెయ్యడానికి విష్ణుశర్మ కథలు చెబుతాడు. అందులో ఎలుక హీరో, పావురాల రాజు హీరో, కాకి, తాబేలు, జింక అందరూ హీరోలే. పిల్లలు ఒక్కరే సమస్య! మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెతకి కథారూపం అది. కుమార శతకం, కుమారీ శతకం కూడా ఆ దారివే. పద్యం చివర "కుమారా" అని పిలిచి మగపిల్లాడికి లోకంలో ఎలా మెలగాలో చెబితే, "కుమారీ" అని పిలిచి ఆడపిల్లకి అత్తారింట్లో ఎలా మెలగాలో చెప్పారు. ఆడపిల్లకి చిన్నతనం అనే మాటే ఎత్తలేదు, ఎత్తితే ఎలా? కన్యాశుల్కంలో గురజాడ చూపించిన చిన్నపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టబోయిన కాలం అది. ఆడపిల్ల పెళ్ళికి కనీసం పధ్నాలుగేళ్ళు నిండాలని చట్టం వచ్చింది 1929లో. పధ్నాలుగు! తాళి పడ్డ రోజున చిన్నతనం అయిపోయినట్టే అనుకునే చోట, ఆడపిల్ల హీరోగా కథ రాయాలంటే రాసేవాడికి పది పేజీలకి సరిపడా బతుకు కూడా దొరకదు.

అన్నట్టు అదే నాటకంలో వెంకటేశం ఉన్నాడు చూశారా, గిరీశం దగ్గర ఇంగ్లీషు కన్నా చుట్టలు కాల్చడం బాగా నేర్చుకున్న శిష్యుడు. తెలుగులో నాకు తెలిసి ప్రాణమున్న మొదటి బడిపిల్లాడు వాడే. కానీ వాడు హీరో కాదు, పిల్లల కోసం రాసినవాడూ కాదు.

ఇప్పుడు చందమామ దగ్గరికి వద్దాం. దీని గురించి మాట్లాడితే మా తరం వాళ్ళందరికీ గొంతు బొంగురుపోతుంది కాబట్టి జాగ్రత్తగా మాట్లాడతాను. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టారు. అంతకు రెండేళ్ళ ముందే, 1945లో, రేడియో అన్నయ్య, అక్కయ్యగా అందరికీ తెలిసిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 'బాల' పత్రిక తెచ్చారు. బాల ఊహ వేరు. అందులో పిల్లలే రాయాలి, పాడాలి, మాట్లాడాలి. స్వతంత్రం రాబోతున్న దేశానికి రేపటి పౌరులు కావాలి కదా. చందమామ అలా కాదు. పిల్లల పత్రికే, కానీ హీరోల్లో పిల్లలెవరు? శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడు పిల్లాడా? దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్స్‌లో శిఖిముఖీ విక్రమకేసరీ, ఖడ్గవర్మా జీవదత్తుడూ, అందరూ కత్తి పట్టిన యువకులు. జంటలు జంటలుగా అడవులు పట్టి తిరుగుతారు, ఇంటి దగ్గర ఎదురుచూసే అమ్మా నాన్నా ఊసు పెద్దగా ఉండదు. తెనాలి రామలింగడు, మర్యాద రామన్న, చివరికి పరమానందయ్య శిష్యులు కూడా పెద్దవాళ్ళే. నిజానికి ఆ కథలు మొదట అరుగు మీద అందరికీ చెప్పినవి, పిల్లలు పక్కన చేరి విన్నారంతే.

అలాగని చందమామ పిల్లల్ని చిన్నచూపు చూసిందా అంటే, నాకు సరిగ్గా ఎదురు అనిపిస్తుంది. బేతాళ కథ చివర ఏమవుతుంది? చిక్కుప్రశ్న వస్తుంది, తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చదివే పిల్ల అక్కడ పేజీ మీద చెయ్యి పెట్టి తనే తీర్పు ఆలోచిస్తుంది, తర్వాతే రాజు ఏమన్నాడో చూస్తుంది. మేమలాగే చేసేవాళ్ళం. ఎనిమిదేళ్ళ పిల్లని కూచోబెట్టి, రాజూ దొంగా వర్తకుడూ ముగ్గురిలో ఎవరి త్యాగం గొప్పదో నువ్వు చెప్పు అని అడిగారంటే అది మామూలు గౌరవం కాదు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు ఆ పత్రిక వెనకాల ఉన్నాడు, వాక్యం ఎంత తేటగా ఉన్నా బుర్రకి పని పెట్టడం ఆ పత్రిక మానలేదు. చందమామ దృష్టిలో చిన్నతనం అంటే పెద్దరికానికి తాలీము. అందుకే అందులో హీరోగా పిల్లాడు అక్కర్లేకపోయాడు, చదివేవాడున్నాడు కాబట్టి.

ఇంతలో బుడుగు ఊడిపడ్డాడు.

1956, 57 ప్రాంతంలో ముళ్ళపూడి వెంకటరమణ రాశాడు, బాపు బొమ్మలేశాడు. ఎక్కడ? ఆంధ్రపత్రిక వారపత్రికలో. అంటే పెద్దవాళ్ళ పత్రికలో. ఇది చిన్న విషయం అనిపిస్తుంది కానీ మొత్తం కథ ఇక్కడే తిరిగింది. పిల్లల పత్రికలో పెద్దవాళ్ళు హీరోలుగా ఉన్న రోజుల్లో, పిల్లాడు హీరోగా వచ్చింది పెద్దవాళ్ళ పత్రికలో! బుడుగు అమ్మానాన్నల్ని రాధ, గోపాళం అని పేర్లతోనే చెబుతాడు. ప్రైవేటు మాస్టార్లని హడలగొడతాడు. పెద్దవాళ్ళ ప్రేమలూ అప్పులూ అబద్ధాలూ అన్నీ వాడి కంటికి సరిగ్గా కనిపిస్తాయి, అర్థం మాత్రం వాడికి తోచినట్టు చేసుకుంటాడు, ఆ తప్పు అర్థమే పెద్దవాళ్ళ అసలు రంగు బయటపెడుతుంది. వాడు దిద్దాల్సిన పిల్లాడు కాడు. దిద్దాల్సింది మిగతా అందర్నీ.

దీనికి భాష కూడా కలిసి రావాలి. నీతిచంద్రికలో ఎలుకా పావురమూ ఒకే గ్రాంథికంలో మాట్లాడతాయి, అందులో పిల్లాడు నోరు తెరిస్తే వాడూ పండితుడే అవుతాడు. గిడుగు రామమూర్తి వ్యావహారికం కోసం అన్నేళ్ళు కొట్లాడి ఉండకపోతే, పిల్లాడు పలికినట్టే అక్షరం పెట్టే బుడుగు ఎక్కణ్ణించి వస్తాడు? వ్యావహారిక భాషా ఉద్యమం అంటే మనం పత్రికలూ పరీక్షలూ అనుకుంటాం కానీ, నన్నడిగితే దాని అందమైన ఫలితాల్లో ఒకటి నిక్కరేసుకుని పుట్టింది.

ఇల్లు కూడా మారింది. పట్నంలో అద్దె వాటా, నెల జీతం, ముగ్గురో నలుగురో ఉండే కుటుంబం, ఆఫీసు నుంచి వచ్చి కొడుకు మాటలు వినే తీరిక ఉన్న నాన్న. అంతకుముందే చలం 'బిడ్డల శిక్షణ' రాసి, పిల్లల్ని కొట్టకండిరా, వాళ్ళని వాళ్ళుగా పెరగనివ్వండి అని మొత్తుకున్నాడు. అప్పట్లో ఎంతమంది విన్నారో గానీ ఆ గాలి మాత్రం మధ్యతరగతి ఇళ్ళలోకి మెల్లగా వచ్చింది. అల్లరి అంటే చెడిపోవడం కాదు, తెలివి అని మురిసిపోయే అమ్మానాన్నలు పుట్టారు. కృష్ణుడికి మాత్రమే చెల్లిన అల్లరి అద్దింటి గోపాళంగారబ్బాయికి చెల్లింది! (ఇంతా చేసి "చిట్టి చిలకమ్మా, అమ్మ కొట్టిందా" అని పాడటం మనం ఇప్పటికీ మానలేదు. ఎంత మామూలుగా అడుగుతామో చూడండి, అన్నం తిన్నావా అన్నట్టు.)

అయితే ఈ చిన్నతనం ఎవరిది అన్న ప్రశ్న అప్పుడు ఎవరూ గట్టిగా అడగలేదు. బుడుగు బడి ఎగ్గొడితే హాస్యం. అదే ఏడాది ఏదో ఊళ్ళో జీతానికి కుదిరి గొడ్లు కాస్తున్న పిల్లాడు బడికి వెళ్ళకపోతే అది ఎవరికీ కథ కూడా కాదు. పని మానేసి పారిపోయి బడికి పోతే, వాడికి అదే అల్లరి. ఈ పిల్లలు పుస్తకాల్లోకి రావడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది, వచ్చినప్పుడు కూడా చాలామంది పెద్దవాళ్ళ జ్ఞాపకాల దారినే వచ్చారు. నామిని సినబ్బ చిత్తూరు పల్లె యాసలో వచ్చాడు, ఖదీర్‌బాబు దర్గామిట్ట కథలతో నెల్లూరు ముస్లిం పిల్లాడు వచ్చాడు, సోమరాజు సుశీల ఇల్లేరమ్మ వచ్చింది. ఇల్లేరమ్మని చాలామంది ఆడ బుడుగు అంటారు, నాకది అంత సరిగ్గా అనిపించదు. బుడుగుకి అల్లరే పని. ఈ పిల్లకి ఇంట్లో పనులుంటాయి, చిన్నవాళ్ళ బాధ్యత ఉంటుంది, వాటి సందుల్లోంచి అల్లరి దొంగతనంగా చేసుకోవాలి. మా అమ్మ ఆ పుస్తకం చదువుతూ నవ్వడం చూశాను, మధ్యలో ఆపేసి కాసేపు కిటికీ వైపు చూడటం కూడా చూశాను.

బయట ఏం జరిగిందో కూడా చెప్పాలి. శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ వాళ్ళు రంగారెడ్డి జిల్లాలో ఒక మొండి మాట పట్టుకున్నారు. బడిలో లేని పిల్ల ఎవరైనా సరే బాలకార్మికురాలే అన్నారు. జీతానికి కుదిరినా అంతే, ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకుని కూచున్నా అంతే. అంటే చిన్నతనం అన్నది కొందరి ఇళ్ళలో ఉండే ముచ్చట కాదు, ప్రతి పిల్లకీ రావాల్సిన బాకీ అన్నమాట. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది, ఆరు నుంచి పధ్నాలుగేళ్ళ వరకూ అందరికీ బడి, బళ్ళో కొట్టడం నిషేధం. సరిగ్గా ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ 'డిఫరెంట్ టేల్స్' పేరుతో పిల్లల పుస్తకాలు తెచ్చింది. అందులో గోగు శ్యామల కథలో ఒక పిల్లకి ఊళ్ళో తాటకి అని పేరు. రామాయణంలో బాలరాముడు తాటకిని చంపి హీరో అవుతాడు. ఇక్కడ తాటకే హీరో, దొర అడ్డం వస్తే తిరగబడే పిల్ల. ఖదీర్‌బాబు కథలో తలకాయ కూర వండుతారు. పిల్లల పుస్తకంలో తలకాయ కూర ఏంటి అని ముఖం చిట్లించినవాళ్ళు నాకు తెలుసు. ఆదివారం పొద్దున వాళ్ళ ఇంట్లో తలకాయ కాల్చిన వాసన ఎరిగిన పిల్లలకి, అదీ పుస్తకంలో ఉండదగ్గదే అని మొదటిసారి తెలిసి ఉంటుంది.

ఇంతవరకూ చదివితే అంతా మెరుగవుతూ వచ్చింది అనిపిస్తుంది. కానీ ఇదే సమయంలో ఇంకో హీరో కూడా పుట్టాడు, వాడు పుస్తకాల్లో కాదు, పేపరు మొదటి పేజీ ప్రకటనల్లో. స్టాంపు బిళ్ళంత ఫొటో, కింద ర్యాంకు. ఒకటీ ఒకటీ ఒకటీ, రెండూ రెండూ అని టీవీలో అరుస్తుంటే మనందరం విన్నాం. వీడి లక్షణాలు చూడండి. ఆడుకోడు, పండక్కి ఇంటికి రాడు, తన వయసుకి మించిన పుస్తకాలు చదువుతాడు, ఒకే లక్ష్యం మీద ధ్యాస, ఎన్ని బాధలు పెట్టినా ఓర్చుకుంటాడు, తోటి పిల్లలకి ఆదర్శం. ఆటలతో ఈ వయసు పాడు చేసుకోకండి అని వాళ్ళ హాస్టల్లో రోజూ చెప్పేది కూడా ఆ పాత ఉపన్యాసమే. అయిదేళ్ళ ప్రహ్లాదుడు తిరిగొచ్చాడు, హరి స్థానంలో ఐఐటీ ఉంది, స్తంభం పగిలే సూచనలు మాత్రం లేవు. నామిని 'చదువులా? చావులా?' అని పుస్తకం రాసింది ఊరికే కాదు.

జపాన్ పిల్ల టోటోచాన్ పుస్తకం 'రైలుబడి'గా తెలుగులోకి వస్తే మన టీచర్లూ అమ్మానాన్నలూ అంతగా ఎందుకు హత్తుకున్నారో దీన్నిబట్టి అర్థమవుతుంది. మొదటి బడిలోంచి పంపించేసిన పిల్లని కూచోబెట్టుకుని, కొత్త బడి హెడ్‌మాస్టరు కొబయాషి నాలుగు గంటలసేపు అది చెప్పే కబుర్లన్నీ వింటాడు. చదివినవాళ్ళు ఎక్కువగా తలుచుకునేది ఆ ఘట్టమే. నిజం చెప్పాలంటే అందులో మనకి హీరో టోటోచాన్ కాదు, ఆ నాలుగు గంటలు.

ఇప్పుడు పిల్లల పుస్తకాలు మళ్ళీ బాగానే వస్తున్నాయి. 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళు అమెరికా తెలుగువాళ్ళ సంఘం తానాతో కలిసి పోటీలు పెట్టి కొత్తవాళ్ళ చేత రాయిస్తున్నారు, అనంతపురం వైపు నుంచి 2008లో మొదలైన కొత్తపల్లి పత్రికలో పిల్లలు రాసిన కథలు వేశారు. నాకు వీటి మీద ఒకటే ఫిర్యాదు. కొత్త పుస్తకాల్లో పిల్ల హీరోలు చాలామంది మరీ మంచివాళ్ళు. చెట్లు నాటుతారు, ప్లాస్టిక్ ఏరతారు, పక్కింటి తాతయ్యకి సాయం చేస్తారు. కొట్టడం మానేశాం, సంతోషం, కానీ దిద్దడం మానలేదు. సుమతీ శతకానికి రంగుల బొమ్మలు వేసినట్టుంటుంది ఒక్కోసారి. అబద్ధం ఆడి తప్పించుకుని, చివరిదాకా దొరకని పిల్ల ఒక్కతైనా కావాలి.

సరే, ప్రహ్లాదుడు అలా అయ్యాక మర్నాడు మా అక్క కూతురికి బుడుగు చదివి వినిపించాను. నేను నవ్విన చోట్ల అది నవ్వలేదు, వేరే చోట్ల నవ్వింది. బుడుగు నేస్తం సీగాన పెసూనాంబ పేరు మాత్రం నా చేత పదిసార్లు అనిపించుకుంది. కాసేపయ్యాక, "వీడు ఎప్పుడూ బయటే తిరుగుతాడేంటి పిన్నీ? వాళ్ళమ్మకి టెన్షన్ ఉండదా?" అంది.

అప్పట్లో పిల్లలు అలాగే తిరిగేవాళ్ళే అన్నాను.

"ఒక్కళ్ళే?"

"ఆ, ఒక్కళ్ళే."

అది పుస్తకం మూసి, లేచి వెళ్ళి చెప్పులేసుకుంది. పాల పాకెట్ తెస్తానంది. షాపు మా అపార్ట్‌మెంట్ గేటు పక్కనే, లిఫ్ట్ దిగి నలభై అడుగులు ఉంటుందేమో, కానీ అది ఎప్పుడూ ఒక్కతే వెళ్ళలేదు. అక్క నా వైపు ఒక చూపు చూసి డబ్బులిచ్చింది. తలుపు పడగానే బాల్కనీలోకి పరిగెత్తింది. నేనూ పరిగెత్తాను.